దుంకుడు బటన్

సొహార్ బజార్ల, పాత ఫోన్ల దుకాణంల
ఆరు రియాళ్లకు కొన్న దీన్ని.
అద్దం మీద గీతలున్నయి, కానియ్ అన్న.
బ్యాటరీ మూత లేదు, టేపు పెట్టుకుంట అన్న.
దుకాణపు మలబారీ చెప్పని సంగతొకటి
రూముకొచ్చినంక తెలిసింది:
దుంకుడు బటన్ మూడుసార్లు నొక్కితే
రెండుసార్లే వింటది.

ఏ రెండుసార్లో ముందు చెప్పది.

నేను క్రేన్ నడుపుత.
పోర్టుల, నలభై మీటర్ల మీద, అద్దాల డబ్బల కూసోని
పొద్దంత చేసేది ఇదే పని:
ఎడమ చేతిల ఒక కర్ర, కుడి చేతిల ఒక కర్ర,
బొటనవేలు కింద ఒక బటన్.
ఎడమది బండిని ముందుకు ఎనుకకు తోలుతది,
కుడిది తాడును ఎత్తుతది, దించుతది.
పదకొండేండ్ల సంది ఒక్కనాడు గూడ
అవి నా మాట ఇననియ్యలేదు.
ఇంత నూకితే అంత కదుల్తయి.
చెయ్యి తీస్తే ఆగుతయి.
గట్ల చేసినోడు ఎవడో గని, వాని చేతులకు దండం.

ఈ ఆట చేసినోడు
జన్మల ఒక్క బరువు ఎత్తి ఉండడు.

చూడున్రి.
కర్ర నా దిక్కు గుంజితే పైకి లేవాలె. లోకంల అంతే.
దీంట్ల గుంజితే నేల చూస్తది.
"అందరికి గిదే సీదా, నీకే ఉల్టా"
అంటడు మా రూము గంగనర్సు.
మార్చుకునే తావు ఎక్కడన్న ఉన్నదా అని
మూడు శుక్రారాలు ఎతికిన. లేదు.
భుజాల మీది బటన్లు మినపగింజలంత,
నా వేలు ఒకటి మీద పెడితే రెండు నొక్కుకుంటయి,
కత్తి దియ్యాల్సినోడు
సంచి ఇప్పి రొట్టె తింటడు, దయ్యం ముంగట నిలవడి.
జర ఆపుదామని మెనూ తెరిస్తే
దయ్యం ఆగదు.
మెనూ ఎనుక అది నన్ను కొడుతున్న చప్పుడు
ఇనవడ్తనే ఉంటది.

ఎర్ర బటన్ లేని యంత్రం నేనెక్కడ చూడలే.
మా క్రేన్ల ఉంటది, కుక్కగొడుగంత,
కండ్లు మూసుకోని గుద్దినా తగిలేటట్టు.

ఇగ బాయి ముచ్చట.
ఆడినకాడికి దాచుకోవాల్నంటె బాయి కాడికి పోవాలె.
బాయికి బాయికి నడుమ అరగంట తొవ్వ.
క్యాంపుల పదింటికి లైట్లు తీస్తరు,
చార్జింగు ప్లగ్గు ఆరుగురికి ఒకటి,
నా వంతు మంగళారం, శుక్రారం.
ఎన్ని రాత్రులు, బాయి గట్టు కనవడంగనే
బ్యాటరీ కండ్లు తేలేసిందో.
తెల్లారి మళ్ల అదే వంతెన, అవే గబ్బిలాలు,
దాటెయ్యరాని అదే కథ
అదే ముసలోడు అక్షరం అక్షరం చెప్పుకుంట.
ఏ భాషనో. ఆయన బాధ ఆయనది.

అయినా ఇడువలే.
గది నా తప్పు.

మొన్న రాత్రి షిఫ్టుల, కొరియా ఓడ మీద
ముప్పై టన్నుల డబ్బా దించుతున్న.
ఇంక జానెడున్నది. గాలి లేచింది.
నా దిక్కు గుంజాలె, పైకి.
నా చెయ్యి అవతలికి నూకింది.

ధన్నుమని కూసున్నది.
కింద ఎవ్వలు లేరు.
మళ్ల చెప్తున్న, కింద ఎవ్వలు లేరు.
వాకీటాకీల టేక్ బహదూర్
"క్యా హువా ఉస్తాద్?" అన్నడు.
"గాలి" అన్న.

షిఫ్టు దిగినంక చెయ్యి కడుక్కున్న
సబ్బుతోని, రెండుసార్లు.
దాన్ని గంగనర్సుకిచ్చిన, ఉత్తగనే.
పైసలెంత అన్నడు. పో అన్న.

ఇప్పుడు మీది మంచంల వాడు ఆడుతడు.
దుంకుడు బటన్ ఇనకపోతే
మనిషే దుంకుతడు, భుజాలతోని, మోకాళ్లతోని,
నా మంచం గూడ ఊగుతది.
"అన్నా, నొక్కితినే! కండ్లార చూసుకుంట నొక్కితినే!"
అంటడు సీకట్ల.
కింద నేను,
దుప్పట్ల కుడిచెయ్యి
నా దిక్కు గుంజుత.
మెల్లగ.
ఇంకొంచెం.